జట్టే బదిలీ యైన వేళ

బదిలీ యనగనే మన యిండ్లలో స్ఫురించునది బడిపంతులుగారి కౌన్సెలింగు, ఠాణాలో సీఐగారి మార్పు, బ్యాంకు ఉద్యోగి పెట్టెబేడ సర్దుకొని యెరుగని జిల్లాకు ప్రయాణమగుట. ఫుట్‌బాలు పిచ్చి పట్టినవానికి మాత్రము ఆ మాట ఏడాదికి రెండు పర్యాయములు, నడివేసవియందొకమారును జనవరియందొకమారును, విషమజ్వరమువలె వచ్చును. ఏ క్లబ్బు ఎవనిని ఎంత వెలకు కొన్నది, ఎవని ఒప్పందము తీరినది, ఎవని మోకాలు బాగుపడినది అని, పగలెల్ల నాచారం పారిశ్రామికవాడలో పరుల లెక్కలు వ్రాసి వచ్చి, రాత్రి రెండు జాములవరకు యూరోపు క్లబ్బుల లెక్కలు కట్టుచు కూర్చుండు నన్ను జూచి, నా యర్ధాంగి "ఆళ్ళు కొనుక్కుంటె నీకేమొస్తది?" అని అడిగినపుడెల్ల నేను నిరుత్తరుడనగుచుంటిని. 2019వ సంవత్సరమున నాకొక సమాధానము దొరకినది: మన నగరమునకును ఒక జట్టు వచ్చినది. 2025లో ఆ సమాధానము చేజారినది.

ఆ జట్టు పుట్టినది అనక వచ్చినది అనుటకు కారణము కలదు. ఇండియన్ సూపర్ లీగులో 2014 నుండి ఆడుచుండిన పుణె సిటీ క్లబ్బు మూతపడగా, దాని స్థానమున విజయ్ మద్దూరి, వరుణ్ త్రిపురనేని యనువారు పూనుకొని హైదరాబాద్ ఎఫ్‌సీని నెలకొల్పిరి. పుణె ఆటగాళ్ళలో పలువురు అట్లే యిచటికి తరలిరి. అనగా ఇక్కడ జరిగిన తొలి బదిలీ ఏ ఆటగానిదియు కాదు, క్లబ్బుదే. నవంబరు 2వ తేదీన గచ్చిబౌలి బాలయోగి స్టేడియములో సొంతగడ్డపై తొలి ఆట. నాచారమునకు గచ్చిబౌలి నగరపు ఆవలి కొస. హబ్సిగూడలో మెట్రో ఎక్కి, అప్పటికింకను రాయదుర్గమువరకు రైలు పోవనందున హైటెక్ సిటీలో దిగి, ఆటోవానితో బేరమాడి, చెమటతో చేరునప్పటికి గ్యాలరీలెల్ల పసుపుపచ్చ చొక్కాలతో నిండియుండెను. అవి యన్నియు మనవారివని పొంగిపోయితిని. వానిలో సగము కేరళ బ్లాస్టర్స్ అభిమానులవని పాటలు మొదలైన పిదపగాని తెలియలేదు. రెండు జట్లకును పసుపే వర్ణము. రాహుల్ కేపీ కొట్టిన గోలుతో వెనుకబడిన మనవారు, స్టాంకోవిచ్ పెనాల్టీతోను మార్సెలీనో ఫ్రీకిక్కుతోను 2-1గా గెలిచిరి.

ఆ సాయంకాలపు సంతోషము ఆ ఏడాది మరల చేతికందలేదనవచ్చును. 18 ఆటలలో రెండే గెలుపులు, 10 పాయింట్లు, పట్టికలో అట్టడుగు. కోచ్ ఫిల్ బ్రౌన్‌ను నడుమనే సాగనంపిరి. పేరున్న ఆటగాళ్ళు లేకపోలేదు. కాని ఒక ఊరి పెండ్లిపందిరిని విప్పి, ఆ రాటలనే బండిపై వేసికొని వచ్చి, వేరొక ఊరి వాకిట నిలిపినచో కొలతలు కుదురునా?

జట్టు కూర్పు అను విద్యలో నాకు అక్షరాభ్యాసమైనది ఆ తరువాతి రెండేండ్లలో. 2020 ఆగస్టులో, అప్పుడప్పుడే కుదురుకొనుచున్న కోచ్ ఆల్బర్ట్ రోకాను బార్సెలోనా పిలుచుకొనిపోగా, ఆ ఖాళీలోనికి మనోలో మార్కెజ్ అను స్పెయిన్ దేశీయుడు వచ్చెను. ఆయన చేసినది చూచుటకు స్వల్పము, చేయుటకు దుష్కరము: పేరుమోసిన భారతీయుల వెంటబడక, ఇరువది యేండ్లకు అటునిటుగా నున్న కుర్రవాండ్రను ఏరుకొని, వారికి ఆటపై ఆట యిచ్చి, తప్పు చేసినను మరల నిచ్చి, మూడవ తప్పునకు గూడ బెంచీపై కూర్చుండబెట్టక ఓర్చుకొనెను. ఇరుపార్శ్వములందు ఆకాశ్ మిశ్రా, ఆశీష్ రాయ్. నడుమ యాసిర్, నిఖిల్ పూజారి, హితేశ్ శర్మ వంటివారు. విదేశీయులను మాత్రము జట్టునకు వెన్నెముకగా నిలిపెను: వెనుక జువానన్, మధ్య జువావో విక్టర్, ముందర నైజీరియా దేశపు బర్తలోమ్యూ ఓగ్బెచె. ఈ ఓగ్బెచె, నార్త్ఈస్ట్, కేరళ, ముంబయి జట్లను ఏడాదికొకటిగా చుట్టి, 2021లో మన యొద్దకు వచ్చినవాడు. ఆ శరత్తున 37 యేండ్లు నిండినవాడు. అట్టివానిని తెచ్చుట దండుగ యని నేను మిత్రులతో పందెము వేసితిని. అతడు ఆ ఏడు 18 గోలులు కొట్టి బంగారు బూటు గెలిచెను. నేను తార్నాకలో నలుగురకు బిర్యానీ పెట్టితిని. ముసలి వేటగానికి పరుగు తగ్గవచ్చును గాని గురి తప్పదనియు, పరుగెత్తుటకు వేరే కుర్రవాండ్రు కలరనియు మనోలోకు తెలిసినది నాకు తెలియలేదు.

ఇచట అమ్మకములనుగూర్చి ఒక మాట చెప్పవలయును. మన జట్టులోని కుర్రవాడు లిస్టన్ కొలాసోను 2021లో ఏటీకే మోహన్ బగాన్ కొనుకొన్నపుడు (వెల సుమారు కోటి రూపాయలని పత్రికలు వ్రాసినవి) మాలో పలువురు యాజమాన్యమును తిట్టిపోసిరి. నేను తిట్టలేదు, ఇప్పటికిని తిట్టను. చిన్నవానిని తెచ్చి, పెంచి, అమ్మి, ఆ సొమ్ముతో మరి యిద్దరు చిన్నవాండ్రను తెచ్చుట చిన్న క్లబ్బులకు జీవనోపాయము. దానిని ద్రోహమనుట రైతు ధాన్యమమ్మినాడని యేడ్చుటయే. విత్తనపుగింజలుగూడ అమ్ముకొన్ననాడు అడుగవలయును. లిస్టన్ వెడలిన ఏడాదియే గదా మనకు కప్పు వచ్చినది.

2022 మార్చి 20, గోవాలోని ఫతోర్డా. మరల అదే కేరళ, మరల అదే రాహుల్ కేపీ ముందుగా గోలు కొట్టెను. 88వ నిమిషమున, మార్పుగా దిగిన సాహిల్ తవోరా పెట్టె వెలుపలినుండి గాలిలోని బంతిని కొట్టి సమము చేసెను. పెనాల్టీలలో గోల్‌కీపరు లక్ష్మీకాంత్ కట్టిమణి మూడింటిని ఆపగా 3-1తో కప్పు మనదైనది. అతడు మూడవమారు ఎగిరినపుడు మా వీధిలో అరచినవాడను నేనొక్కడనే. బదులుగా రెండు కుక్కలు మొరిగినవి.

ఆ మొరుగుటలోనే అసలు సంగతి యున్నదని నాకు తరువాత తోచినది. కరోనా కారణమున ఆ రెండు సీజన్లును సాంతముగా గోవాలోనే జరిగినవి. కప్పు గెలిచిన ఏడాదియందు ఆ జట్టు హైదరాబాదులో ఒక్క ఆటయైన ఆడలేదు. ఫైనలున తొలుత దిగిన పదునొకండ్రలో హైదరాబాదు పిల్లవాడొక్కడును లేడు. మన క్రికెట్టునకును ఇట్టి కథ యొకటి కలదు: దక్కన్ ఛార్జర్స్ 2009లో ఐపీఎల్ గెలిచినది దక్షిణాఫ్రికాలో, 2012లో ఆ జట్టు రద్దయినది. అయినను ఉప్పల్ స్టేడియము ఒక్క వేసవియైన చిన్నబోలేదు, మరుసటి యేటికి సన్‌రైజర్స్ సిద్ధము. ఏలయన, ఈ నగరమున క్రికెట్టు ఫ్రాంచైజీపై ఆధారపడి బ్రతుకుట లేదు. గల్లీలో, బడిలో, లీగులో అది ముందే యున్నది, ఫ్రాంచైజీ దానిపై వచ్చి వాలిన పక్షి. ఫుట్‌బాలున పక్షియే వచ్చినది, చెట్టు లేదు.

పక్షి యెగిరిపోవుటను క్లుప్తముగా చెప్పెదను, విస్తరించుటకు మనసొప్పదు. 2022-23లో ముంబయి వెనుక రెండవ స్థానము. 2023లో మనోలో గోవాకు, ఆకాశ్ మిశ్రా ముంబయికి వెడలిరి. జీతముల బకాయిలు, వానినిబట్టి ఫిఫా విధించిన కొత్త ఆటగాళ్ళ నమోదు నిషేధము; 2024 జనవరిలో పూజారి, చింగ్లెన్‌సనా బెంగళూరునకు, యాసిర్ గోవాకు; విదేశీయులు దాదాపు అందరును ఇంటిదారి. మిగిలిన కుర్రవాండ్రను వెంటబెట్టుకొని కోచ్ తంగ్‌బోయ్ సింగ్తో 22 ఆటలు గడిపి, ఒక్కటి గెలిచి, 8 పాయింట్లతో ముగించెను. ఆ ఒక్క గెలుపునకు, ఆ చెన్నై రాత్రికి, నేను కప్పునకు పెట్టిన నమస్కారముకంటె పెద్ద నమస్కారము పెట్టితిని. తరువాత క్లబ్బు బీసీ జిందాల్ సంస్థ చేతికి వచ్చినది. 2024-25లో 13 జట్లలో 12వ స్థానము. 2025 అక్టోబరులో ఢిల్లీకి తరలి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ యైనది. పుణె రాటలు హైదరాబాదు మీదుగా ఢిల్లీ చేరినవి.

సొమ్ము తరిగినది, అందుచేత పోయినది అని మిత్రులందురు. సొమ్ము తరుగుట నిజమే. కాని ఈ నగరము సొమ్ము లేనినాడే భారతదేశమునకు ఫుట్‌బాలు నేర్పినదని వారికి జ్ఞాపకము చేయవలసియున్నది. సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిచే బడిపంతులు. 1943 నుండి 1963లో కన్నుమూయువరకు హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘమునకు కార్యదర్శి. ఆయన తీర్చిన సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదు మారులు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచినది. ఆయన నడిపిన భారత జట్టు 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను ఏషియా క్రీడల స్వర్ణములను, 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానమును పొందినది. ఆటగాని వెతకుటకు ఆయనకు ఏజెంటు లేడు, వీడియో లేదు. మా నాచారమునకు సైకిలు దూరమున నున్న అమ్ముగూడలో తులసీదాస్ బలరామ్ అను పేద పిల్లవాడు బంతి తన్నుచుండగా స్థానిక లీగులో ఆయన కంటబడెను. శిక్షణకు వచ్చుటకు సైకిలు అద్దె లేదనగా ఆ సొమ్ము రహీమే సర్దెనని ప్రతీతి. భారతదేశపు ఫుట్‌బాలు బదిలీలలోకెల్ల మిక్కిలి లాభము తెచ్చిన రుసుము ఆ సైకిలు అద్దెయే యని నా యభిప్రాయము.

ఆ బలరామ్‌ను 1957లో ఈస్ట్ బెంగాల్ తీసికొన్నది. పిమ్మట నయీముద్దీన్‌ను, హబీబ్‌ను, హబీబ్ తమ్ముడు అక్బర్‌ను, షబ్బీర్ అలీని కలకత్తా వరుసగా తీసికొనిపోయినది. 1977లో పీలే కాస్మోస్ జట్టుతో ఈడెన్ గార్డెన్సులో ఆడవచ్చినపుడు మోహన్ బగాన్ పక్షమున గోలు కొట్టిన ఇద్దరిలో మన హబీబ్ ఒకడు. మనము ఇచ్చుచునే యుంటిమి, బావి ఎండలేదు. ఊట యుండెను గనుక. ఊట యనగా ఎద్దియో మర్మము కాదు: ఏటేట జరుగు లీగు, పోలీసు కొలువు, బడిలో పంతులు, బడి ముందర ఖాళీ స్థలము. పంతులు పోయెను, కొలువులు తగ్గెను, ఖాళీ స్థలము చదరపు గజముల లెక్కకు వచ్చెను. 2024 ఏప్రిలులో రహీం జీవితముపై 'మైదాన్' చిత్రము విడుదలైనపుడు హాలులో చప్పట్లు కొట్టితిమి; అదే మాసమున ఆయన ఊరి క్లబ్బు పట్టికలో చిట్టచివర నుండెను.

క్లబ్బు తరలిపోవుట మనకే జరిగిన వింత కాదు. 2002లో లండనులోని వింబుల్డన్ క్లబ్బు మిల్టన్ కీన్స్ పట్టణమునకు తరలుటకు అనుమతి లభించగా, అభిమానులు కొన్నాళ్ళు తిట్టిరి, ఆపైన ఊరి ఉమ్మడి మైదానమున ఎంపికలు పెట్టి, వచ్చిన కుర్రవాండ్రతో సొంత జట్టు కట్టుకొని, ఇంగ్లాండు ఫుట్‌బాలు నిచ్చెనలో తొమ్మిదవ మెట్టునుండి మొదలిడి, తొమ్మిది యేండ్లలో, 2011 నాటికి, ఫుట్‌బాల్ లీగులోనికి ఎక్కిరి. వారికి మనకంటె ధనమున్నదనవచ్చును. మైదానము మాత్రము ఊరి ఉమ్మడిది.

అజీజ్‌నగర్‌లో శ్రీనిధి దక్కన్ క్లబ్బు కలదు, ఐ-లీగులో వరుసగా రెండేండ్లు రెండవ స్థానమున నిలిచినది, దానికి జయమగుగాక. నిజామాబాదు జిల్లా తండానుండి వచ్చిన గుగులోత్ సౌమ్య, బలరామ్ నడచిన దారినే ఈస్ట్ బెంగాలునకు పోయి భారతదేశము పక్షమున ఆడుచున్నది. విత్తనము చచ్చిపోలేదు. కావున మరియొక ధనికుడు వచ్చి మరియొక ఊరి జట్టును కొనితెచ్చునని ఎదురుచూచుట మాని, ఉప్పల్, నాచారం, మల్లాపూర్, హబ్సిగూడ, రామంతాపూర్, అమ్ముగూడ బస్తీలకు తలకొక జట్టు, అందరికి కలిపి ఒక మైదానము, ఆరు మాసముల లీగు, ఇంతమాత్రము మన కార్పొరేషనును అడుగవలయును. ప్రపంచస్థాయి క్రికెట్ స్టేడియమును మోయుచున్న ఉప్పల్ నేల రెండు గోలుపోస్టుల బరువు మోయలేదా?

అంతవరకు ఆదివారము ఉదయములందు మేము ఫ్యాక్టరీల వెనుక, లారీలు లేని చోట చూచుకొని, చెప్పులు గుర్తుపెట్టి ఆడుచున్నాము. మాకు ముందు వరుసలో నలుగురెక్కువ, గోల్‌కీపరు లేడు. పొడుగుగా నుండి బంతికి జడియని పిల్లవాడెవడైన మీ యింటనున్నచో ఆరు గంటలకు పంపుడు. బదిలీ రుసుము చెల్లింపలేము. ఆట ముగిసిన పిదప ఇడ్లీ పెట్టించెదము.