మాసికల అంగీ

నవ్వించువానిని లోకము ప్రేమించును. కాని వాని కష్టమును విచారించుటకు అంతగా తీరిక చేసికొనదు. ఇటలీ దేశపు ముసుగు నాటకములలోని అర్లెక్కీనో యను సేవకుని విషయమున ఈ మాట మిక్కిలి సత్యము. వాడు అబద్ధము లాడును; పరుల యుత్తరములను విప్పును; యజమానుల కన్నులు గప్పును. ఇట్టి పాత్రను చూచి నవ్వుట తగునా, వానివలన చూపఱులు మోసము నేర్చుకొనరా యని కొందఱు శంకింతురు. ఈ శంకకు సమాధానము వాని కడుపులోను, వాడు తొడిగిన యంగీమీదను దొరకును.

ఈ నాటకములు పదునాఱవ శతాబ్దమున ఇటలీలో వర్ధిల్లినవి. 1545వ సంవత్సరమున పాదువా నగరమున కొందఱు నటులు కలసి ఆడి, కలసి జీవించుటకు ఒడంబడిక వ్రాసికొనిరి. నాటకమే వృత్తిగా గల జట్లను గూర్చి తెలియవచ్చు తొలి పత్రములలో అది యొకటి. ఈ నటులు సంభాషణములను వల్లించి వచ్చువారు కారు. కథాక్రమము మాత్రము కాగితముమీద నుండెడిది. మాటలను సందర్భమునుబట్టి రంగస్థలముమీదనే కల్పించుకొనెడివారు. పాత్రలు మాత్రము ఎల్లప్పుడు అవియే. లోభియైన వెనీసు వర్తకుడు పాంతలోనే. విద్యాగర్వము గల బొలోన్యా పండితుడు దొత్తోరే. ప్రగల్భములు పలుకు సేనాని కపితానో. వీరిచే చీవాట్లు తినుచు పనిచేయు సేవకులు జాన్నీలు. వర్తకుడు, పండితుడు, సేవకులు మొదలగు హాస్యపాత్రలను ధరించువారు ముఖము పైభాగమును కప్పు తోలు ముసుగులను పెట్టుకొనెడివారు.

జాన్నీ యనునది జొవాన్ని యను సామాన్య నామమునకు వెనీసు ప్రాంతపు రూపము. బెర్గామో కొండసీమలలో పొట్ట గడవక వెనీసు నగరమునకు వలసవచ్చి బరువులు మోసిన కూలీలు ఆ కాలమున ననేకులు. పేరు ప్రతిష్ఠలు లేని ఆ కూలిజనమే రంగస్థలముమీద జాన్నీ యయ్యెను; వారి యాసయే వాని భాష యయ్యెను. ఆ జాన్నీలలో మిక్కిలి ప్రసిద్ధుడు అర్లెక్కీనో. ఈ పాత్రకు కీర్తి తెచ్చిన తొలి నటుడు మాంతువా ప్రాంతపు త్రిస్తానో మార్తినెల్లి. అతడు 1601 ప్రాంతమున ఫ్రాన్సు రాజునకు వాక్చాతుర్యమును గూర్చిన గ్రంథ మని యొకదానిని అంకిత మిచ్చెను. తెఱచి చూడగా అందలి పుటలు చాలవఱకు ఖాళీలే! బహుమానము కోరుటకు అది యొక వేడుకైన యుపాయము. కోటి విద్యలును కూటికొఱకే యను సామెత పాత్రకును, నటునకును సమానముగానే వర్తించెను.

వాని యంగీని చూడుడు. మొదట అది చినిగినచోటనెల్ల దొరికిన గుడ్డముక్కతో, ఒక క్రమము లేక, మాసికలు వేసిన బీదవాని బట్ట. కాలము గడచినకొలది ఆ మాసికలు రంగురంగుల పలకలుగా, చక్కని వరుసలుగా మాఱిపోయినవి. నేడు బొమ్మలలోను, వేడుకలలోను దానిని చూచువారికి అది సొగసైన యలంకారముగా తోచును. చినిగిన బట్ట యను మాట స్ఫురణకు రాదు. దారిద్ర్యము కంటికింపైన వేషముగా మాఱినపుడు దాని బాధను మఱచుట ఎంత సులభమో ఈ యంగీ చెప్పుచున్నది.

వెనీసు నాటకకర్త కార్లో గోల్డోని 1745 ప్రాంతమున అంతోనియో సాక్కి యను నటునికొఱకు 'ఇద్దఱు యజమానుల సేవకుడు' అను నాటకమును కూర్చెను. అందలి త్రుఫాల్దినో అర్లెక్కీనోకు సోదరుని వంటివాడు. మధ్యాహ్నమైనను యజమాని జాడ లేదు. సేవకుని కడుపు కాలుచున్నది. అంతలో మఱియొకడు కొలువిచ్చెదననగా వాడు ఒప్పుకొనును. ఇద్దఱును ఒకే సత్రమున దిగుదురు. చదువురాని వాడు ఒకరి యుత్తరము నొకరి కిచ్చి చిక్కులలో పడును. విప్పిన యుత్తరమును మరల అంటించుటకు రొట్టెముక్కను నమలి జిగురు చేయబోవును. కాని యాకలిచే ఆ ముక్క గొంతు దిగిపోవును! చూపఱులు పకపక నవ్వుదురు. నమలిన మెతుకు నోట నిలువనంతటి యాకలి యెట్టిదో ఆ నవ్వులో నెందఱు తలంతురు?

వాని తప్పును ఒప్పని వాదింప బనిలేదు. వాడు కలిపిన చిక్కులవలన ప్రేమికు లిరువురు ఒకరు మరణించిరని యొకరు నమ్మి దుఃఖమున మునిగిరి. అబద్ధమునకు ఫలము ఎవరో యొకరు అనుభవింపక తప్పదు. వాడును అనుభవించెను. ఉత్తరము విప్పినందుకు ఒక యజమాని కొట్టగా, పరునిచే దెబ్బలు తిని తనకు తలవంపులు తెచ్చితివని రెండవ యజమాని కొట్టెను. రెండు జీతముల కాశపడినవానికి రెండు వంతుల దెబ్బలు ముట్టినవి. తుదకు ఎవరును కనిపెట్టలేని తన గుట్టును వాడే విప్పెను. తాను వలచిన స్మెరాల్దీనాను పెండ్లాడుటకు నిజము చెప్పుటకంటె వేఱు దారి లేకపోయెను. ఆకలి వానిచే అబద్ధము లాడించెను. ప్రేమ వానిచే నిజము పలికించెను. ఇట్టివానిని కేవలము మోసగా డనుట న్యాయము కాదు.

అర్లెక్కీనో నడుమున నొక కోల యుండును. అది రెండు పలుచని చెక్కలను జతచేసి చేసినది. దానితో కొట్టినపుడు చప్పుడు మిక్కుటము, నొప్పి స్వల్పము. అందుచే రంగస్థలముమీది దెబ్బ నవ్వు పుట్టించును. ఆనాటి నిజమైన సేవకుల వీపులమీద పడిన దెబ్బలు అట్టివి కావు.

1947లో మిలాను నగరమున జోర్జో స్ట్రెహ్లెర్ ఈ నాటకమును పిక్కొలో తెయాత్రో నాటకశాలలో నూతనముగా ప్రదర్శింపజేసి, సేవకునకు అర్లెక్కీనో యను పేరే పెట్టెను. మొదట మార్చెల్లో మొరెత్తియు, అతని పిమ్మట ఫెరూచ్చో సొలేరియు ఆ వేషమును ధరించిరి. సొలేరి ఐదు దశాబ్దములకు పైగా దానిని ధరించి, వృద్ధుడైన పిదప గూడ యువకునివలె గంతులు వేసెను. భాష తెలియని దేశములవారును ఆ యాటను చూచి ఆనందించిరి. ఆకలికి అనువాదము అక్కఱలేదు గదా!

కావున ఈ సేవకుని చూచి నవ్వుట తప్పు కాదు; అతనిని కల్పించినవారు కోరినదియు నవ్వే. కాని నవ్వులో రెండు తెఱగులు గలవు. బీదవాని యగచాట్లను చూచి నవ్వుట యొకటి. తన సేవకుడు తినెనో లేదో యెఱుగక, వాని నిజాయితీని మాత్రము తూచబోవు యజమానిని చూచి నవ్వుట రెండవది. మొదటి నవ్వు హృదయమును మొద్దుబార్చును. రెండవది కన్నులు తెఱపించును. అర్లెక్కీనోను చూచి నవ్విన విద్యార్థి, తన యింట పాత్రలు తోము మనిషిని, వీధిలో మూట మోయు కూలివానిని చూచినపుడు, వారు వేళకు తినిరా యని ఒక్కమాఱు తలచినచో ఆ నవ్వు సార్థకమగును.