ఇంకో మాస్టర్స్ ఎందుకు, ఒక గది ఇవ్వండి చాలు

ఇక్కడ డిగ్రీ చదివిన పిల్లలున్న మనలాంటి వాళ్ళ గురించి ఇది. పిల్ల ఇంగ్లీషు లిటరేచర్ చదివి, పుస్తకాల కంపెనీలో ఎడిటోరియల్ పనికి పోతానంటుంది. "ఐటీ చెయ్యొచ్చు కదా, అదేం పని?" అంటాం మనం. అసలు ఆ పనేందో తెలుసుకోకుండానే అంటాం.

నిజానికి అది మనకి బాగా తెలిసిన పనే. కాంక్రీటు పొయ్యకముందు రాడ్లు డ్రాయింగ్ ప్రకారం ఉన్నాయా లేదా చూస్తాం కదా, కాపీ ఎడిటింగ్ అలాంటిదే. పెయింటు పడ్డాక గది గదికీ తిరిగి స్నాగింగ్ చేస్తాం, ప్రూఫ్ రీడింగ్ అంటే అదే. మన పనికి బీఎస్ నంబర్లు ఉన్నట్టే ప్రూఫ్ దిద్దే గుర్తులకి కూడా బీఎస్ 5261 అని ఒకటుంది. దీనికి ఇన్‌స్టిట్యూట్ కూడా ఉంది, సీఐఈపీ అంటారు, కోర్సులు నేర్పుతుంది.

మా కడప వాళ్ళకైతే ఇది కొత్త కాదు. బ్రౌన్ దొర కడప బంగళాలో పండితుల్ని పెట్టుకుని, తన చేతి డబ్బుతో జీతాలిచ్చి, తాటాకు ప్రతులు పక్కపక్కన పెట్టించి తప్పులు దిద్దించాడు. ఆయన 1884లో పోయింది ఈ లండన్‌లోనే. జీతమిచ్చి చేయించాడనేది గుర్తుపెట్టుకోండి, ఆ మాటకి మళ్ళీ వస్తాం.

ఇక చిక్కు డబ్బు దగ్గర. మొదటి జీతం ఏడాదికి సుమారు 25 నుంచి 30 వేల పౌండ్లు. ఆఫీసులు ఎక్కువగా లండన్‌లోనే. అద్దె కట్టి ఆ జీతంతో బతకడం కష్టం. తల్లిదండ్రుల ఇల్లు లండన్‌లో ఉన్న పిల్లలు నిలబడతారు, మిగతావాళ్ళకి నిలబడటం కష్టం. ఈస్ట్‌హామ్‌లోనో హౌన్‌స్లోలోనో ఉన్న మన ఇంట్లో ఒక గదుంటే అదే పెద్ద పెట్టుబడి.

మనవాళ్ళు చేసేదేమో వేరే. ఉద్యోగం రాలేదనగానే అప్పు చేసి పబ్లిషింగ్‌లో మాస్టర్స్‌లో చేర్పిస్తారు. పెంగ్విన్ రాండమ్ హౌస్ 2016లోనే ఇక్కడి ఉద్యోగాలకి డిగ్రీ అడగడం మానేసింది, మాస్టర్స్ సంగతి దేవుడెరుగు! ఆ ఫీజు బదులు ఏడాదిపాటు అద్దె, కూడు మనం చూసుకుంటే చాలదా?

అనుభవం కోసమని ఊరికే పనిచేస్తామంటే మాత్రం ఒప్పుకోవద్దు. కోర్సులో భాగంగా వెళ్ళేవాళ్ళకి, పక్కన నిలబడి చూసేవాళ్ళకి తప్ప, పని చేయించుకుంటే కనీస వేతనం ఇవ్వాలని చట్టం. 21 దాటినవాళ్ళకి 2025 ఏప్రిల్‌లో అది గంటకి 12.21 పౌండ్లయింది. సైట్ మీద కుర్రాడితో ట్రయల్ అని వారం ఊరికే చేయిస్తే మనం ఊరుకుంటామా? ఆఫీసైతే మాత్రం తలూపుతాం.

చేయూత కూడా ఉంది. 1837 నుంచి నడుస్తున్న బుక్ ట్రేడ్ చారిటీ కొత్తగా ఈ రంగంలోకి వచ్చేవాళ్ళకి సాయం చేస్తుంది, అడిగి చూడమనండి.

ఇదంతా ఇక్కడ ఉండే హక్కున్న పిల్లల మాట. ఊరి నుంచి స్టూడెంట్ వీసా మీద వచ్చిన మన మేనల్లుళ్ళకి లెక్క వేరు. 2025 జూలై నుంచి స్కిల్డ్ వర్కర్ వీసాకి కొత్తవాళ్ళకైనా కనీసం 33,400 పౌండ్ల జీతం చూపాలి, ఎడిటోరియల్ మొదటి జీతం దానికి అందదు. 2027 జనవరి నుంచి అప్లై చేసేవాళ్ళకి, పీహెచ్‌డీ వాళ్ళకి తప్ప, గ్రాడ్యుయేట్ వీసా 18 నెలలే. వాళ్ళు ఫీజు కట్టకముందే ఈ అంకెలు చెప్పండి.