ఆ రిపోర్టులో గ్రామసభ మాట ఏది?

ఏజెన్సీలో మన బతుకును శాసించే కుర్చీలు ముఖ్యంగా మూడు: కలెక్టర్, ఎస్పీ, డీఎఫ్ఓ. ఐటీడీఏ పీవోగా కూడా చాలాసార్లు యువ ఐఏఎస్ అధికారే వస్తారు. ఈ కుర్చీల్లో ఎక్కువగా కూర్చునేది అఖిల భారత సర్వీసుల వాళ్లు. రాజ్యాంగం 312వ అధికరణ, 1951 నాటి అఖిల భారత సర్వీసుల చట్టం ఆ సర్వీసులకు ఆధారం. ఐఏఎస్, ఐపీఎస్‌ల తర్వాత 1966లో అటవీ సర్వీసు కూడా వచ్చి చేరింది.

ఈ అధికారులకు యజమానులు ఇద్దరు. యూపీఎస్సీ ఎంపిక చేస్తే కేంద్రం నియమిస్తుంది. పోస్టింగులు, బదిలీలు రాష్ట్రం చేతిలో ఉంటాయి. రాష్ట్రం సస్పెండ్ చేయగలదు, చిన్న శిక్షలు వేయగలదు. ఉద్యోగం నుంచి తీసేసే అధికారం మాత్రం కేంద్రానిదే. ఈ ఇద్దరు యజమానులకూ తగువులు వస్తుంటాయి. రాష్ట్రం ఒప్పుకోకపోయినా అధికారిని ఢిల్లీకి పిలిపించుకునేలా కేడర్ నిబంధన మారుస్తామని 2022 జనవరిలో కేంద్రం అంటే, పలు రాష్ట్రాలు సమాఖ్య స్ఫూర్తి దెబ్బతింటుందని ఎదురు తిరిగాయి.

ఇంకో తగువు మనకు మరీ దగ్గరిది. దేశంలో ఆదివాసీల సంఖ్య అన్నిటికన్నా ఎక్కువున్న మధ్యప్రదేశ్, 2024లో అటవీ అధికారుల పనితీరు రిపోర్టు రాయడంలో కలెక్టర్లకు చోటిస్తూ ఉత్తర్వు ఇచ్చింది. 2025 మేలో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. అటవీ అధికారి పనిని ఆ సర్వీసులోని పై అధికారే అంచనా వేయాలంది. అక్కడ తేలింది కలెక్టరా, అటవీ శాఖా అన్నదొక్కటే. ఆ అధికారి పని మంచిచెడ్డలను రోజూ అనుభవించే గూడెం ఆ ప్రశ్నలోనే లేదు.

2007 నిబంధనల ప్రకారం ఆ రిపోర్టును ఒక అధికారి రాస్తే, ఇంకొకరు సమీక్షిస్తారు, మూడో వారు ఆమోదిస్తారు. ప్రమోషన్‌కు అదే ముఖ్యం. అందుకే అధికారి చూపు ఎప్పుడూ పైకే ఉంటుంది. అటవీ హక్కుల చట్టం కింద గ్రామసభ పోడు హక్కు మీద తీర్మానం చేసి పంపుతుంది. చివరి మాట కలెక్టర్ అధ్యక్షుడిగా, డీఎఫ్ఓ సభ్యుడిగా ఉన్న జిల్లా కమిటీది. ఆ తీర్మానం ఏళ్ల తరబడి ఫైల్లో మగ్గితే ఆ సంగతి ఎవరి రిపోర్టులో రాస్తున్నారు?

మంచి అధికారులు రాలేదా అని అడుగుతారు. వచ్చారు. ఎస్.ఆర్. శంకరన్ వచ్చారు, బస్తర్‌లో బి.డి. శర్మ పనిచేశారు. వాళ్ల పేరు మనం మరిచిపోం. కానీ వాళ్లు మన పక్షాన నిలిచింది వాళ్ల మనస్సాక్షి వల్ల. రూలు అడిగినందుకు కాదు. మంచి మనిషి వస్తాడని ఎదురుచూస్తూ కూర్చోవడం హక్కు ఎలా అవుతుంది?

గ్రామసభకు మాట ఇస్తే అధికారులు స్థానిక రాజకీయాలకు బందీలవుతారని వాదిస్తారు. అధికారికి రక్షణ ఉండాల్సిందే. కేడర్ పోస్టుల్లో కనీసం రెండేళ్లు ఉంచాలన్న 2014 నిబంధనను ఏజెన్సీలో ఖచ్చితంగా పాటించాలని మనమే అడగాలి. మన గోడు అర్థమయ్యే లోపే బదిలీ అయితే నష్టం మనకే. అధికారిని తీసేసే హక్కు మనం కోరడం లేదు. పని ఎలా చేశారో చెప్పే హక్కు కోరుతున్నాం.

ఇది గొంతెమ్మ కోరిక కాదు. 1996 నాటి పెసా చట్టం సామాజిక రంగాల సంస్థల మీద, ఉద్యోగుల మీద అదుపును గ్రామసభకు, తగిన స్థాయి పంచాయతీకి ఇవ్వాలని చెప్పింది. ఆ మాట టీచరు దగ్గరా, ఏఎన్ఎం దగ్గరా ఆగిపోకూడదు. పీవో, డీఎఫ్ఓ, కలెక్టర్ల దాకా పోవాలి. ఐదో షెడ్యూలు ప్రాంతంలో పనిచేసే ప్రతి అధికారి రిపోర్టుకూ గ్రామసభల అభిప్రాయం జతచేయాలి. కోయ, గోండి, కువి, సవర వంటి భాషల్లో అక్కడి భాష వచ్చిందో లేదో కూడా అందులో రాయాలి.

సివిల్స్‌కు చదువుతున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీరు ఆ కుర్చీ ఎక్కాలి. అయితే మీరు కూర్చున్నా ఈ రూలు ఇలాగే ఉంటే మీ చూపు కూడా పైకే పోతుంది. టీచర్లు పెసా చట్టాన్ని, ఆ రిపోర్టు సంగతిని మన భాషలో ఊళ్లో చదివి వినిపించాలి. వచ్చే గ్రామసభలో ఈ డిమాండు తీర్మానమై, సంతకాలతో గవర్నరుకు చేరాలి.