రెండు డోసులు వేసుకున్నా ధీమా లేనివారు

ప్రాణహిత గోదావరిలో కలిసే చోట సిరొంచ. అవతలి ఒడ్డు కాళేశ్వరం. ఇళ్లలో తెలుగు, ఆఫీసుల్లో మరాఠీ. జిల్లా కేంద్రం గడ్చిరోలికే దాదాపు 200 కిలోమీటర్లు. ఇటు సిరొంచ నుంచైనా, అటు ముల్చేర నుంచైనా కిడ్నీ మార్పిడి కావాలంటే నాగపూర్‌కో హైదరాబాద్‌కో పోవాలి.

మార్పిడి జరిగి ఎవరైనా ఇంటికొస్తే మనం కృతజ్ఞతా కూడిక పెడతాం, సాక్ష్యం వింటాం, అక్కడితో మరచిపోతాం. వాళ్లకు మాత్రం కష్టం అప్పుడే మొదలు. కొత్త కిడ్నీని ఒళ్లు పరాయిదిగా ఎంచి తిరస్కరించకుండా టాక్రోలిమస్, మైకోఫినోలేట్ వంటి మందులు రోజూ మింగాలి, అది పనిచేసినన్నాళ్లూ. అవే మందులు టీకాకు స్పందించాల్సిన కణాలను కూడా అణచివేస్తాయి.

2021లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ వైద్యులు అవయవ మార్పిడి పొందిన 658 మందిని రెండు డోసుల కోవిడ్ టీకా తర్వాత పరీక్షించారు. యాంటీబాడీలు కనిపించింది 54 శాతం మందిలోనే. అవి మన కోవిషీల్డ్, కోవాక్సిన్ కావు, ఎంఆర్ఎన్ఏ టీకాలు. కానీ మన రోగులు మింగేదీ ఆ మందులే. యాంటీబాడీలొక్కటే రక్షణ కాదన్నదీ నిజమే. అయినా ఆ ఆగస్టులోనే అమెరికా వీళ్లకు మూడో డోసు అనుమతించింది.

మన దేశంలో 2022 జనవరి 10న ముందుజాగ్రత్త డోసు మొదలైంది. వైద్య సిబ్బందికి, ముందువరుస ఉద్యోగులకు, జబ్బులున్న అరవై దాటినవారికి ఇచ్చారు. నలభై ఏళ్ల మార్పిడి రోగికి ఆ వరుసలో చోటు లేదు. ఏప్రిల్ 10న పెద్దలందరికీ అన్నారు, కానీ ప్రైవేటు కేంద్రాల్లో, డబ్బు కట్టి. ముల్చేర అడవి పల్లెలో కూలి చేసుకునేవాడు ఆ కేంద్రాన్ని ఎక్కడ వెతుక్కోవాలి? ఉచితం జూలై 15న గాని రాలేదు.

తప్పంతా ప్రభుత్వం మీదికి నెట్టి మనం తప్పుకోలేం. టీకా అంటే 666 ముద్ర అని ఫోన్లలో పంపినవారిలో మన కాపరులూ ఉన్నారు. గట్టిగా ఖండించడానికి మేమూ ఆలస్యం చేశాం. "నాకు విశ్వాసం చాలు" అన్న యౌవనస్థుడు తన ఒంటి సంగతే చెప్పాడు. పక్క కుర్చీలో ఉన్న మార్పిడి రోగికి ఇతని టీకాయే అడ్డుగోడ అని అతనికి ఎవరూ చెప్పలేదు. బలహీనమైన అవయవాల గురించి పౌలు కొరింథు సంఘానికి రాసినదాన్ని మనం పెళ్లిళ్లలో, వార్షికోత్సవాల్లో బోధిస్తాం. ఇక్కడ అది అక్షరాలా అవయవాల సంగతే.

ఇప్పటికైనా, మార్పిడి జరిగిన ఇంట్లో అందరూ టీకాలు వేయించుకోవాలి, ఏటా ఫ్లూ టీకాతో సహా. మార్పిడి కోసం ఎదురుచూస్తున్నవారు హెపటైటిస్ బి వంటివి ముందే పూర్తిచేసుకోవాలి. తర్వాత బతికున్న క్రిములతో చేసే టీకాలు సాధారణంగా వేయరు, డాక్టరును అడగందే ఏదీ వద్దు. ప్రభువు బల్లలో ఒకే పాత్ర వాడే సంఘాలు చిన్న గిన్నెలకు మారాలి. దగ్గు, జ్వరం ఉన్నవారు ఆ ఆదివారం ఇంట్లో ప్రార్థించుకుంటే ఎవరూ వేలెత్తి చూపకూడదు.

పెద్దలకు ఫ్లూ, న్యుమోనియా టీకాలు దేశవ్యాప్త ఉచిత టీకాల పట్టికలో లేవు. కనీసం మార్పిడి పొందినవారికైనా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా వేయాలని జిల్లా ఆరోగ్యాధికారికి అర్జీ పెడదాం. సిరొంచ వైపు యౌవనస్థులారా, మరాఠీలో రాయడం మీకే బాగా వచ్చు. ఆ కాగితం మీరు రాయండి, సంతకాలు మేము సేకరిస్తాం.