శాలువాల సంగతి తర్వాత, ముందు హాలు తాళం చెవి



వచ్చే ఆదివారం మీటింగులో కాలేజీ జిమ్నాస్టిక్స్ జట్టుకు సన్మానం చేసే విషయం చర్చకు వస్తుంది. శాలువాలు, మెమెంటోలు, భోజనాలు కలిపి ఎంత అవుతుందో కోశాధికారి గారు లెక్క వేశారు. ఆ లెక్క మీద మాకు తగువు లేదు. ఆ డబ్బు ఇంకో దారిలో పెట్టాలన్నదే మా మాట. మేము అంటే రోజూ పొద్దున్నే గ్రౌండు చుట్టూ నడిచే నలుగురు ముసలివాళ్లం. మీటింగులో మాట్లాడితే మధ్యలో టీ వస్తుంది, మాట పోతుంది. అందుకే ఇక్కడ రాస్తున్నాం.

మేము ఏటా చూసేది ఇదే. కాలేజీ తెరిచినప్పటి నుంచి జట్టు పిల్లలు గ్రౌండులో కనబడరు. పోటీల తేదీ తెలియగానే పదిహేను రోజులు ఒకటే హడావిడి. పొద్దున రెండు గంటలు, సాయంత్రం మూడు గంటలు. నాలుగో రోజుకు ఒక అమ్మాయి మణికట్టుకు పట్టీ, వారానికి ఒక అబ్బాయి కుంటుతూ నడక. పోటీకి వెళ్లి వచ్చాక "అనుభవం వచ్చింది కదా" అంటాం, శాలువా కప్పుతాం. దాహం వేసినప్పుడు బావి తవ్వడం అంటే ఇదే. ఇందులో పిల్లల్ని అనడానికి లేదు. వాన పడితే గ్రౌండు బురద, ఎండలో నేల రాయి. వాళ్లు రోజూ చేయాలన్నా ఎక్కడ చేస్తారు?

రోజూ చేస్తే ఏమిటి, పదిహేను రోజులు గట్టిగా చేస్తే ఏమిటి అని ఒక సభ్యుడు అడిగారు. ఈ ఆటలో మార్కులు వేసే తీరు చూస్తే జవాబు తెలుస్తుంది. ప్రతి విన్యాసానికీ రెండు మార్కులు. ఎంత కష్టమైనది చేశారన్నది ఒకటి. ఎంత శుభ్రంగా చేశారన్నది రెండోది. ఈ రెండోది 10 నుంచి మొదలై తప్పు తప్పుకూ తగ్గుతూ పోతుంది. కిందికి దిగేటప్పుడు చిన్న అడుగు పక్కకు పడితే 0.1 పోతుంది. పెద్ద అడుగైతే 0.3. పడిపోతే ఏకంగా 1.

ఇప్పుడు మన హైదరాబాద్ అమ్మాయి బుడ్డా అరుణా రెడ్డి సంగతి చూడండి. చిన్నప్పుడు కరాటే నేర్చుకుని, తర్వాత జిమ్నాస్టిక్స్‌కు వచ్చిన పిల్ల. 2018 ఫిబ్రవరిలో మెల్‌బోర్న్ ప్రపంచ కప్‌లో వాల్ట్‌లో కాంస్యం తెచ్చింది. జిమ్నాస్టిక్స్ ప్రపంచ కప్‌లో మన దేశానికి అదే మొదటి పతకం. అరుణకు వచ్చింది 13.649, రజతం గెలిచిన ఆస్ట్రేలియా అమ్మాయికి 13.699. ఇది రెండు దూకుల సగటు. అంటే రెండూ కలిపి తేడా 0.1, ఒక చిన్న అడుగు! 2016 రియో ఒలింపిక్స్‌లో త్రిపుర అమ్మాయి దీపా కర్మాకర్ 15.066తో నాలుగో స్థానంలో ఆగింది. కాంస్యం 15.216కు పోయింది. అక్కడా అదే లెక్క వేస్తే తేడా ఒక పెద్ద అడుగు.

ఆ అడుగు పోటీకి ముందు పదిహేను రోజుల్లో సరికాదు. కొత్త విన్యాసం ఒకటి అప్పటికప్పుడు పట్టుబడవచ్చు గానీ, దిగినప్పుడు కాళ్లు కదలకుండా నిలబడటం వేల సార్లు దిగితేనే వస్తుంది. పైగా కండరం తొందరగా బలపడుతుంది, కండరాన్ని ఎముకకు పట్టి ఉంచే నరం లాంటి స్నాయువు నెమ్మదిగా బలపడుతుంది. ఆరు నెలలు ఖాళీగా ఉన్న మణికట్టు మీద ఒక్కసారి ఒళ్లంతా బరువు వేస్తే అది ఏం చేస్తుంది? పట్టీ కట్టించుకుంటుంది.

రైల్వేలో కీమాన్ అని ఒకడుంటాడు. సుత్తి భుజాన వేసుకుని తన బీటు పట్టాలన్నీ రోజూ నడిచి చూస్తాడు, వదులైనది అక్కడికక్కడే బిగిస్తాడు. జనరల్ మేనేజర్ ఇన్‌స్పెక్షన్‌కు పదిహేను రోజుల ముందు నడిస్తే చాలని ఎవరూ అనరు.

మాలో ఈ రాత రాస్తున్నవాడిది తమిళ మీడియం చదువు. తెలుగు అక్షరాలు ఉద్యోగంలో చేరాక, రోజుకొక పేజీ రాసి రాసి నేర్చుకున్నవే. ఒత్తులు ఇప్పటికీ తప్పుతాయి, క్షమించాలి.

ఇక సామాను ఖర్చు అంటారు. పెద్ద సామాను మన వల్ల కాదు, నిజమే. కానీ మనం ఉన్నది మహారాష్ట్రలో. ఈ నేలది మల్లఖంబం. రెండో బాజీరావు పేష్వా కాలంలో బాలంభట్ట దాదా దేవధర్ దానికి మళ్లీ ప్రాణం పోశాడని ఇక్కడ తాలీంలో పెద్దవాళ్లందరికీ తెలుసు. ఆముదం రాసిన ఒక కర్ర స్తంభం, లేదా పైనుంచి వేలాడే ఒక తాడు. పట్టు, నడుము, భుజం, భయం పోవడం అన్నీ దాని మీదే వస్తాయి. అమ్మాయిలకు తాడు మల్లఖంబం ఎంత బాగా అబ్బుతుందో మరాఠీ బడుల్లో చూస్తూనే ఉన్నాం. నేర్పే గురువు తప్పనిసరి, అది మాత్రం పిల్లలకే వదిలేయకూడదు. స్తంభం మాట అలా ఉంచినా, నాలుగు మందపాటి మ్యాట్లుంటే చేతుల మీద నిలబడటం, దొర్లడం, దూకి దిగడం రోజూ చేసుకోవచ్చు. సన్మానం డబ్బుతో మ్యాట్లు మొదలుపెట్టవచ్చు.

హాలు పెళ్లిళ్లకు ఇస్తాం కదా అని కార్యదర్శి గారు అంటారు. పెళ్లి ఉన్న రోజు ఇవ్వవద్దు. మిగతా రోజుల్లో పొద్దున ఆరు నుంచి ఏడున్నర దాకా మన హాలులో ఉండేది పావురాలే. ఆడపిల్లల్ని చీకటితో ఎలా పంపాలి అని ఇద్దరు తల్లులు అడిగారు. ఆ ప్రశ్న న్యాయమైనది, దానికి ఉపన్యాసం జవాబు కాదు. మా ఇళ్లలోని ఆడవాళ్లు ఇద్దరు రోజూ వచ్చి కూర్చుంటామన్నారు. పరీక్షల నెలలో ఇరవై నిమిషాలు చేసి వెళ్లినా చాలు, మానకూడదు అంతే. అరుణ 2021లో కైరోలో రెండు స్వర్ణాలు గెలిచింది, మెల్‌బోర్న్ తర్వాత మూడేళ్లు దాటాక. ఆ మూడేళ్లలో ఎన్ని పొద్దుటి పూటలు పోయి ఉంటాయో లెక్క వేసుకోండి.

తాళం ఎవరు తీస్తారన్నది చివరి ప్రశ్న. మేము నలుగురం ఎలాగూ ఐదింటికే లేస్తాం. ఆదివారం మీటింగులో ఒక తాళం చెవి మా చేతికి ఇవ్వండి. హాలు ఊడ్చి, ఫ్యాన్లు ఆపి, ఏడున్నరకు తాళం వేసి వస్తాం. పావురాల సంగతి కూడా చూసుకుంటాం.