ఆటలు - ఆటగాళ్లు: తీర్పరి లేని ఆట

బిళ్లంగోడు ఆడేటప్పుడు మీకు అంపైరు ఉండడు గదా? బిళ్ల నేలకు తాకిందని ఒకడంటాడు, తాకలేదని ఇంకొకడంటాడు. "తొండి! తొండి!" అని అందరూ అరుస్తారు. చివరకు గొంతు పెద్దగా ఉన్నవాడి మాటే చెల్లుతుంది. ఇది మీకు మేము చెప్పవలసిన సంగతి కాదు.

అమెరికాలో కాలేజీ విద్యార్థులు కూడా ఇలాగే అంపైరు లేకుండా ఒక ఆట ఆడతారు. దాని పేరు అల్టిమేట్. గొంతు పెద్దది చేసినవాడికి అందులో మెప్పు రాదు. మరి ఎవరికి వస్తుంది? అదే ఈ నెల మన ముచ్చట.

గాలిలో విసిరే ఫ్రిస్బీ పళ్లెం మీరు చూసే ఉంటారు. ఈ ఆటకు వాడే పళ్లెం బరువు 175 గ్రాములు. తిరిగే బొంగరం ఒరగకుండా నిలిచినట్టే, గిర్రున తిరిగే పళ్లెం కూడా బోర్లా పడకుండా గాలిమీద తేలిపోతుంది. తిప్పకుండా విసిరి చూడండి, నాలుగడుగులు పోకుండానే దొర్లి పడుతుంది.

ఈ ఆటను కనిపెట్టింది పెద్దవాళ్లు కారు. 1968లో న్యూజెర్సీ రాష్ట్రంలో, మేపుల్‌వుడ్ అనే ఊళ్లో, కొలంబియా హైస్కూలు పిల్లలు దీన్ని ఏర్పరచారు. నాలుగేళ్లకు అది కాలేజీలకు పాకింది. 1972 నవంబరు 6న రట్గర్స్, ప్రిన్స్‌టన్ జట్లు తలపడ్డాయి. రట్గర్స్ 29-27తో గెలిచింది. తమాషా ఏమిటంటే, సరిగ్గా 103 ఏళ్ల కిందట, 1869 నవంబరు 6న, అమెరికాలో మొట్టమొదటి కాలేజీ ఫుట్‌బాల్ పందెం ఆడినవి కూడా ఈ రెండు కాలేజీలే. అప్పుడూ రట్గర్సే గెలిచింది. అప్పుడూ తేడా రెండే, 6-4.

జట్టుకు ఏడుగురు. పళ్లెం చేతిలో ఉన్నవాడు పరిగెత్తకూడదు, విసరాలి. ఎదుటివాడు ముందు నిలబడి బిగ్గరగా పది లెక్కపెడతాడు. ఆలోపల విసరకపోతే పళ్లెం అవతలి జట్టుది. నేలపడినా అంతే. మైదానం చివరి గీత దాటి, అక్కడి జాగాలో పళ్లెం పట్టుకుంటే ఒక పాయింటు.

కాలేజీ జట్లను దేశమంతటా పది ప్రాంతాలుగా పంచారు. వసంతకాలంలో ప్రాంతపు పోటీలు జరుగుతాయి. వాటిలో నెగ్గినవాళ్లే జాతీయ పోటీలకు వెళతారు. సీజను చివర ప్రతి ప్రాంతంలోనూ మేటి ఆటగాళ్లను ఎంచుతారు. మొదటి ఏడు ఆడుతున్న కొత్తవాళ్లలో మేటిని కూడా ఎంచుతారు. ఎంచేది ఏ పెద్దల సంఘమో కాదు, ఆ ప్రాంతపు జట్లే. నిన్న మనల్ని ఓడించినవాడికి ఇవాళ మనమే ఓటు వెయ్యాలన్నమాట!

గాలిలోకి అడ్డంగా దూకి, నేలకు జానెడు ఎత్తులో పళ్లెం అందుకునేవాణ్ణి చూసి అందరూ చప్పట్లు కొడతారు. కొట్టవలసిందే. అయితే లెక్క ఎనిమిదికి వచ్చినప్పుడు, తోటివాళ్లెవరికీ పళ్లెం అందించే దారి లేనప్పుడు, నాలుగడుగుల్లో ప్రత్యక్షమై దాన్ని అందుకునేవాడొకడు ఉంటాడు. చూసేవాళ్లు వాణ్ణి గమనించరు. ఎదురుగా నిలబడి లెక్కపెట్టినవాడికి మాత్రం వాడు బాగా గుర్తుంటాడు. అందుకే ఓట్లు ఆడినవాళ్ల చేతిలో ఉండటం మంచిదని మాకు తోస్తుంది.

ఇప్పుడొక చిక్కు చూడండి. ప్రాంతపు పోటీలో ఆఖరి ఆట అనుకోండి. 14-14. ఇంకొక్క పాయింటు వస్తే జాతీయ పోటీకి ప్రయాణం, లేకపోతే ఇంటికి. గీత అవతల మీరు దూకి పళ్లెం పట్టారు. మీ జట్టంతా కేకలేస్తూ మైదానంలోకి వచ్చేసింది. కాని పళ్లెం మీ వేళ్లకన్నా ముందు గడ్డిని తాకింది. ఆ సంగతి తెలిసినవారు మీరొక్కరే. ఏం చేస్తారు?

పెద్ద పోటీల్లో పరిశీలకులు ఉంటారు. పళ్లెం గీత లోపల పడిందా, బయట పడిందా అన్నది వాళ్లు చెబుతారు. మిగతా తగవులు ఆటగాళ్లే తేల్చుకోవాలి. తేలకపోతేనే వాళ్ల దగ్గరికి వెళతారు. అందుచేత "నేల తాకింది" అని చెప్పవలసింది ముందు మీరే. ఆ మాట చెప్పి ఓడిపోతే ఆ రాత్రి నిద్ర పట్టదు. చెప్పకుండా గెలిచినా పట్టదేమో! ఎటు చూసినా అది తేలికైన పని కాదు.

దేశం మొత్తంమీద మేటి కాలేజీ ఆటగాడికీ, మేటి ఆటగత్తెకూ 1996 నుంచి కాలహాన్ బహుమతి ఇస్తున్నారు. హెన్రీ కాలహాన్ అనే ఓరెగాన్ విశ్వవిద్యాలయపు ఆటగాడి పేరది. దీనికి కూడా ఓటు వేసేది కాలేజీ ఆటగాళ్లే. విసరటం, పట్టటం, అడ్డుకోవటం మాత్రమే కాదు, జట్టును నడిపిన తీరూ, ఎదుటివాళ్లతో మెలిగిన తీరూ చూసి వేస్తారు. అతని పేరుతో ఒక పాయింటు కూడా ఉంది. ఎదుటి జట్టు విసిరిన పళ్లేన్ని, వాళ్లు కాపాడుకునే గీత వెనక జాగాలోనే అందుకోవాలి. వెంటనే పాయింటు! దొంగ ఇంట్లోనే దొంగతనం అన్నట్టు ఉంటుంది.

ప్రపంచ పోటీల్లో ఇంకొక ఏర్పాటు ఉంది. ఆట అయిపోగానే ఒక జట్టు మరొకదానికి మార్కులు వేస్తుంది. ఎన్ని పాయింట్లు చేశారని కాదు. నియమాలు తెలుసుకుని ఆడారా? ఒంటికి ఒళ్లు తగలకుండా ఆడారా? న్యాయంగా ఉన్నారా? ఆట ఎలా సాగినా మంచిగా మెలిగారా? మాటలు మర్యాదగా ఉన్నాయా? ఇలా అయిదు ప్రశ్నలు. ఒక్కొక్కదానికి 0 నుంచి 4 దాకా. రెండు వస్తే బాగానే ఆడారని అర్థం. అంటే మొత్తం 20కి 10 వస్తే తప్పులేదు.

ఈ ఆదివారం బిళ్లంగోడు అయిపోయాక, మీ జట్టుకు ఎన్ని మార్కులు వేస్తారో అవతలి వీధివాళ్లను అడిగి చూడండి. ముందు వాళ్లకు మీరు వెయ్యండి, కాగితంమీద రాసి, వాళ్లకు చూపించకుండా.