చెవికి మడి

మడి కట్టుకున్నవారిని మీరు చూసే వుంటారు. తడిబట్టతో గోడవార నడుస్తూ, ఎదురొచ్చిన పిల్లవాణ్ణి "తాకకురా, తాకకు!" అని కసురుకుంటూ వెళ్ళేవారు. మన ఇళ్ళల్లో వంటింటి మడి చాలావరకు సడలిపోయింది. గ్యాసు పొయ్యిలూ, ఫ్లాట్లూ, ఆడవాళ్ళ ఉద్యోగాలూ వచ్చాక ఎవరి తడిబట్ట వారు ఆరేసుకున్నారు. కాని మడి ఊరికే పోయే వస్తువు కాదండీ. వంటింట్లోంచి లేచి వెళ్ళి చెవుల్లో కూర్చుంది.

సంగీతాభిమానుల్లో ఈ చెవిమడివారిని పోల్చుకోవటం తేలిక. "మీకు పాటలంటే ఇష్టమేనాండీ?" అని అడిగి చూడండి. మామూలు మనిషి తనకేది ఇష్టమో చెబుతాడు. మడివాడు తానేది వినడో చెబుతాడు. "సినిమా పాటలు నేను విననండీ" అంటాడు, ఉల్లిపాయ తిననన్నంత నిష్ఠగా. పోనీ ఏం వింటారు స్వామీ అంటే మాత్రం కాస్త తడుముకుంటాడు.

ఈ మడిలో అంతస్తులున్నాయి. కచేరీలకు వెళ్ళేవారికి లలితగీతాలంటే చిన్నచూపు. లలితగీతాలవారికి సినిమా పాటంటే చిన్నచూపు. పాత సినిమా పాటలవారికి కొత్త పాటలంటే చిన్నచూపు. కొత్త పాటల్లోనూ మెలొడీ వినేవారికి డప్పు పాటలంటే చిన్నచూపు. చిట్టచివరి మెట్టుమీద, ఆటోలో పెద్దగా పాట పెట్టుకుని పోయే కుర్రాడున్నాడు. అతనికి ఎవరిమీదా చిన్నచూపు లేదు. పాపం, అతనికి కింద మెట్టు మిగల్లేదు మరి.

ఒకప్పుడు సాక్షాత్తూ ప్రభుత్వమే ఈ మడి కట్టుకుంది. 1952లో బి.వి. కేస్కర్ గారు కేంద్ర సమాచార, ప్రసార శాఖ మంత్రి అయ్యారు. ఆయన సంగీతం తెలిసిన మనిషి. సినిమా పాటలు దేశం అభిరుచిని పాడుచేస్తున్నాయని ఆయన గట్టి నమ్మకం. ఆకాశవాణి ఆ పాటలకు కోత పెట్టింది. నిర్మాతలతో తగవు వచ్చింది. చివరకు రేడియోలో సినిమా పాట ఆగిపోయింది. ఆ యేడే శాస్త్రీయ సంగీతానికి జాతీయ కార్యక్రమం మొదలైంది. దానివల్ల మహావిద్వాంసుల పాట మారుమూల ఊళ్ళకు కూడా చేరింది. ఆ పుణ్యం కేస్కర్ గారిదే, కాదనకూడదు.

కాని సినిమా పాట కావలసినవారేం చేశారు? రేడియో ముల్లు కాస్త పక్కకు తిప్పారు! సముద్రం అవతల సిలోన్ రేడియో సిద్ధంగా వుంది. అమీన్ సయానీ గొంతూ, బినాకా గీత్‌మాలా ఇంటింటికీ వచ్చి కూర్చున్నాయి. మన ఇంట్లో వద్దన్న పాట పొరుగింటి కిటికీలోంచి వినిపించింది. ఆఖరికి 1957 అక్టోబరు 3న ఆకాశవాణే వివిధభారతి అని పేరుపెట్టి తలుపు తీసింది.

ఆ రోజుల్లో సినిమా పాటకు బదులుగా రేడియో లలితగీతాన్ని పెంచింది. మంచి పనే. అయితే ఒక చిత్రం చూడండి. తెలుగువారికి లలితగీతం రుచి చూపినవారిలో సాలూరి రాజేశ్వరరావు గారు ముఖ్యులు. 1951లో వచ్చిన మల్లీశ్వరికి సంగీతం చేసినవారూ ఆయనే. మనిషి ఒకడే, గొంతు ఒకటే, హార్మోనియం ఒకటే. లలితగీతమంటే మెడలో దండ, సినిమా పాటంటే మెడపట్టి గెంటు!

హార్మోనియమంటే గుర్తొచ్చింది. తెలుగునాట పద్యనాటకమంతా దాని భుజాలమీద నడిచింది. అయినా గమకాలు పలకవని దాన్ని 1940లో రేడియో గడప దాటి రానివ్వలేదు. ఆ బహిష్కారం మూడు దశాబ్దాలు నడిచింది. మరి ఫిడేలో? అదీ పడమటినుంచి వచ్చినదే. ఇవాళ ఫిడేలు లేని కచేరీ వుందా? ముత్తుస్వామి దీక్షితులవారు దొరల బ్యాండు మేళంలో విన్న వరుసలకు సంస్కృత సాహిత్యం రాసి నోట్టుస్వరాలు చేశారు. అంతటి మహానుభావుడు బ్యాండు మేళం విన్నాడు. మన రసికుడు మాత్రం వినడు.

ఇంకా దగ్గరకు రండి. ఘంటసాల వెంకటేశ్వరరావు గారు విజయనగరం వెళ్ళి, మధుకరం చేసుకుని తింటూ, పట్రాయని సీతారామశాస్త్రిగారి దగ్గర సంగీతం నేర్చుకున్నారు. ఆ చదువంతా పట్టుకెళ్ళి సినిమా పాటలో పెట్టారు. జగదేకవీరుని కథ (1961)లో పెండ్యాల నాగేశ్వరరావు గారు చేసిన 'శివశంకరీ' పాట ద్వారా దర్బారీ కానడ ఎన్ని లక్షల చెవుల్లో పడిందో ఆలోచించండి. వాళ్ళలో చాలామందికి ఆ రాగం పేరు ఇవాళ్టికీ తెలియదు. తెలియకపోతే ఏం? మామిడిపండు తినడానికి చెట్టు గోత్రం చెప్పాలా? మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు నర్తనశాల (1963)లో పాడారు. భక్త ప్రహ్లాద (1967)లో నారదుడి వేషం కూడా కట్టారు. ఆయన విద్వత్తు దానివల్ల వీసమెత్తు తగ్గలేదు.

1980లో శంకరాభరణం వచ్చింది. శాస్త్రీయ సంగీతాన్ని వెక్కిరించే కుర్రకారుకు శంకరశాస్త్రిగారు బుద్ధి చెబితే హాలంతా చప్పట్లు. మడి ఆ వైపునా వుందన్నమాట. సంగతులు వేస్తే పళ్ళు ఇకిలించటం కూడా మడే. అయితే ఆ శాస్త్రిగారి గొంతెవరిది? శాస్త్రోక్తంగా సంగీతం నేర్చుకోని ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారిది. జాతీయ పురస్కారం కూడా ఆయనకే వచ్చింది. సంగీతం కూర్చింది సినిమా సంగీత దర్శకుడు కె.వి. మహదేవన్ గారు. శాస్త్రీయ సంగీతానికి అంత ఊరేగింపు జరిపినది, ఆ సంగీతంవారు గడప తొక్కనివ్వని సినిమా పాటే!

ఇప్పుడు కాలం మారింది. ఒకనాడు రేడియో గెంటేసిన పాటలే ఇవాళ "ఆపాత మధురాలు". వాటిని మొదట్లో ఛీకొట్టిన ఇళ్ళల్లోనే వాటికి పీట వేసి పూజ చేస్తున్నారు. "ఆ రోజుల్లో పాటలండీ! ఇప్పటివీ పాటలేనా?" అంటారు. అంటే, మడి అదే. గీత మాత్రం పాతికేళ్ళు ఇటు జరిగింది. 'నాటు నాటు' పాట వచ్చిన కొత్తల్లో "గోల" అని చెవులు మూసుకున్న ఒక పెద్దమనిషి నాకు తెలుసు. 2023 మార్చిలో కీరవాణి, చంద్రబోస్ గార్లకు ఆస్కారు రాగానే "మన తెలుగువాడి సత్తా!" అని వీధంతా మిఠాయి పంచాడాయన. పాటలో ఒక్క అక్షరం మారలేదు. అమెరికావాడు చప్పట్లు కొట్టాడు, అంతే.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. నవ్వలేనిది ఒకటుంది.

మా బంధువుల్లో తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి వుండేది. ఇంట్లో ఏ పనిచేస్తున్నా నోట్లో పాట ఆడుతూనే వుండేది. ఒక గృహప్రవేశంలో, భోజనాలయ్యాక "ఏదీ, ఒక పాట పాడమ్మా" అన్నారు పెద్దలు. ఆ పిల్ల కళ్ళు మూసుకుని కొత్త సినిమాలో పాట, రెండు చరణాలూ తప్పకుండా పాడింది. కచేరీలకు తప్పనిసరిగా వెళ్ళే ఒకాయన తమలపాకుకు సున్నం రాసుకుంటూ, "గొంతు బాగానే వుంది. సంగీతమేదైనా వస్తే పాడకూడదుటమ్మా?" అన్నారు. నలుగురూ నవ్వారు. ఆ పిల్ల కూడా నవ్వింది. రెండేళ్ళు గడిచాయి. "అది ఇప్పుడు స్నానాల గదిలో కూడా పాడటంలేదు" అని తల్లి ఈ మధ్య చెప్పింది. ఆయనకా మాట గుర్తే వుండదు. చెవి మడికి చెల్లించేది ఎప్పుడూ ఇంకొకరి గొంతే.

మా పేటలోనే సంగీతం చెప్పే టీచరుగారొకరున్నారు. ఆవిడ దగ్గరకు ఒక కుర్రాణ్ణి చేర్చడానికి తీసుకొచ్చారు. "ఏం పాటలొచ్చు నాయనా?" అన్నారావిడ. వాడు తలవంచుకుని "సినిమా పాటలే వచ్చండీ" అన్నాడు, దొంగతనం ఒప్పుకున్నట్టు. "సరే, అదే పాడు" అన్నారు. మాయాబజార్‌లోని లాహిరి పాట పాడాడు. ఆవిడ చివరిదాకా విన్నారు. తరవాత శ్రుతి చూసుకుని స, రి, గ, ప, ద అని అవే స్వరాలు మెల్లిగా పాడి చూపించారు. "దీన్ని మోహన అంటారు. నువ్వీ ఊరంతా ఇప్పటికే తిరిగొచ్చావు. ఇక వీధుల పేర్లు నేర్చుకోవాలి, అంతేగా" అన్నారు. కొన్నాళ్ళకు మోహనలోనే 'వరవీణా' గీతం చెప్పేసరికి ఆ కుర్రాడికది పరాయి ఇల్లనిపించలేదు.

ఈ ఇద్దరిలో సంగీతానికి మేలు చేసిందెవరో నేను చెప్పనక్కరలేదు. ఆయనకూ సంగీతం తెలుసు, ఆవిడకూ తెలుసు. ఆయన తన తెలివిని గోడగా కట్టుకున్నారు. ఆవిడ వాకిలిగా తెరిచారు.

"అయితే సినిమా పాటలన్నీ గొప్పవేనంటావా?" అని మీరడగవచ్చు. అబ్బే! మాట వినపడకుండా మోత మోగించేవి వున్నాయి, నిన్నటి వరుసకే ఇవాళ రంగు వేసినవి వున్నాయి, పిల్లలముందు వినలేని మాటలున్నవీ వున్నాయి. కచేరీలు మాత్రం? గంటన్నర పాడినా రాగం మొహం కనపడనివి లేవూ? బాగులేనిదాన్ని బాగులేదనటానికి ఎవరికైనా హక్కుంది. కాని "ఈ చరణంలో మాట విరిగింది" అనటం వేరు, "అబ్బే, అది సినిమా పాటండీ" అనటం వేరు. మొదటిది పాటకు చెప్పిన తీర్పు. రెండోది పాడినవాడి పుట్టుకకు చెప్పిన తీర్పు. అలాంటి తీర్పులతో మనవాళ్ళు ఎంత నష్టపోయారో మీకు తెలియనిది కాదు.

కనుక మీ ఇంట్లో ఎవరైనా కూనిరాగం తీస్తుంటే, అది ఏ పాటైనా సరే, పూర్తి కానివ్వండి. తరవాత బాగుందనండి, బాగులేదనండి, ఎందుకో కూడా చెప్పండి. చెప్పాలంటే ముందు వినాలి. విన్నాక మడి ఎలాగూ మైలపడుతుంది, ఇక భయమెందుకు?